పగటి మనిషి

వరండాలో పెట్టిన మొదటి బ్యాటరీని ఉప్పుగాలి ఒక్క వర్షాకాలంలోనే తినేసింది. రెండోది సముద్రం అవతలి పెద్ద ఒడ్డు నుంచి ఓడలో వచ్చి, అదే వరండాలో టార్పాలిన్ కప్పుకుని కూర్చుంది. దానికి తడి తగలకూడదు, వేడి తగలకూడదు, ఉప్పు అసలే తగలకూడదు. చుట్టూ సముద్రమే ఉన్న ఈ ద్వీపంలో, మా ఇంట్లో, అలాంటి చోటు ఒక్కటే ఉంది. లోపలి అర. ఆడవాళ్ళ బట్టల పెట్టెలు, బియ్యం, పురుడు పోసుకునే మంచం ఉండే గది అది. పెళ్ళి చేసుకుని ఈ ఇంటికి వచ్చిన మగవాడెవడూ దాని గడప దాటలేదు. నా భర్త హంజాకోయ తన బ్యాటరీని అక్కడ పెడతానని అడిగాడు. మా ఉమ్మ, ఆ గదిలోనే నన్ను కన్న మనిషి, వెంటనే సరే అంది. ఇంటి పెత్తనం చూసే మా మేనమామ చెరియకోయ మాత్రం శుక్రవారం నమాజు అయ్యాక వచ్చి చెబుతానన్నాడు.

ఇవాళ శుక్రవారం.

పొద్దుటి నుంచి నా చేతులు ఏ పనిలోనూ నిలవడం లేదు. ఎండబెట్టిన సూరచేప ముక్కల్ని తిప్పాను, తిప్పిన సంగతి మరిచిపోయి మళ్ళీ తిప్పాను. కొబ్బరి కోరడానికి కూర్చుని, సగం చిప్ప చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను. నా చెల్లెలు రహ్మత్ బావి దగ్గర బట్టలు పిండుతూ ఇదంతా చూస్తోంది.

"అక్కా, ఆ చేపల్ని ఇంకొక్కసారి తిప్పావంటే ఈదుకుంటూ వెళ్ళిపోతాయి," అంది.

"నీ పని నువ్వు చూసుకో."

"నన్నెక్కడ చూసుకోనిస్తున్నారు? తలంటుకుని జుట్టు విరబోసుకుందామంటే కప్పు మీద బావ. ముంగిట్లో కాళ్ళు చాపుకుందామంటే నిచ్చెన మీద బావ. మా ఆయనే నయం. ఓడ దిగడు, నాకు పగలూ రాత్రీ రెండూ సెలవే."

నవ్వాను. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. కప్పు మీద ఇవాళ ఎవరూ లేరు. హంజాకోయ మసీదుకు వెళ్ళాడు.

మా దగ్గర భర్త రాత్రి మనిషి. రాత్రి ఇషా నమాజు అయ్యాక వస్తాడు. తెల్లవారి నమాజుకు పిలిచే బాంగుకు ముందే లేచి తన తల్లి ఇంటికి వెళ్ళిపోతాడు. తల్లి పోతే ఆ ఇల్లు అక్కది. అతని మధ్యాహ్నం అన్నం అక్కడ, అతని మంచీ చెడూ అక్కడ, చెమట పట్టిన అతని బట్టలు ఉతికేది అక్కడ. అతని గురించి నాకు తెలిసిందంతా చీకట్లో తెలిసింది. గొంతు తెలుసు, ఊపిరి తెలుసు, ఏ పక్కకు తిరిగితే నిద్ర పట్టినట్టో తెలుసు. మాకు కాలేజీకి వెళ్ళే కూతురుంది. అయినా అతనికి చెవుల వెనక జుట్టు నెరిసిందన్న సంగతి, ప్యానెళ్ళు బిగించడానికి నిచ్చెన వేసిన రోజుదాకా నాకు తెలియదు.

డీజిల్ పడవ ఆలస్యమై, పవర్‌హౌస్ వాళ్ళు కరెంటును కోసి కోసి ఇవ్వడం మొదలుపెట్టాక ఇదంతా మొదలైంది. ద్వీపాలన్నీ తిరిగి సోలార్ బిగించే మనిషి తన భార్య ఇంటికి బిగించకపోతే బాగుండదని అతనన్నాడు. అది అతను అందరికీ చెప్పిన కారణం. నేనూ నమ్మాను.

పగటిపూట అతను మరో మనిషి. స్క్రూలు పెదాల మధ్య పెట్టుకుని పనిచేస్తాడు. తీగల మీద విసుక్కుంటాడు, మళ్ళీ వాటినే బుజ్జగిస్తాడు. రాత్రిళ్ళు నాతో మాట్లాడనన్ని మాటలు పగలు తీగలతో మాట్లాడతాడు. ఎండకు కళ్ళు చిట్లించినప్పుడు అతని ముఖంలోకి ఒక మొండితనం వస్తుంది, అది మా కూతురి ముఖంలో చూసి ఎవరి పోలికో అని నేను చాలాసార్లు అనుకున్నాను. నిచ్చెన చప్పుడు వినపడితే నా లోపల ఏదో కుదురుకునేది. మరుక్షణం చిరాకు పుట్టేది. మా ఇల్లు పగలు ఆడవాళ్ళది. గట్టిగా మాట్లాడుకుంటాం, తలమీద గుడ్డ లేకుండా తిరుగుతాం, తిట్టుకుంటాం, కలుస్తాం. అతను కప్పు మీద ఉన్నంతసేపు నా గొంతు నాకే కొంచెం నటనలా వినిపించేది. అతను దిగి వెళ్ళాక ఆ నటన ఎవరికోసం చెయ్యాలో తెలియక గదిలోంచి గదిలోకి తిరిగేదాన్ని. అది సంతోషమో, సంతోషానికి అలవాటు లేనితనమో నేను తేల్చుకోలేదు. తేల్చుకుంటే దాంతో ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తుందని భయం.

పని ఎప్పుడో అయిపోవాల్సింది. ఎందుకు కావడం లేదో ఒక మధ్యాహ్నం తెలిసింది.

టీ పట్టుకుని వరండా తలుపు దాకా వచ్చాను. అతను బ్యాటరీ ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు, నన్ను చూడలేదు. బ్యాటరీకీ ఇన్వర్టర్‌కీ మధ్య ఒక సన్న తీగ ఉంటుంది. లావు తీగల్లో కరెంటు నడిస్తే ఈ సన్న తీగలో వాటి మధ్య మాట నడుస్తుందట, నీ దగ్గర ఎంతుంది, నాకెంత ఇవ్వగలవు అని. అతనే ఒకసారి ఉమ్మకు అలా చెప్పాడు. ఆ మాట లేకపోతే ఎంత కరెంటున్నా రెండూ మూగగా కూర్చుంటాయట. ఆ తీగ కొసను అతను గూట్లోకి నొక్కాడు. టక్కుమంది. పచ్చ దీపం వెలిగింది. పైన వరండా ఫ్యాన్ తిరగడం మొదలుపెట్టింది.

అతను తలెత్తి కాసేపు ఆ ఫ్యాన్‌ను చూశాడు. అటూ ఇటూ చూశాడు. తీగ లాగేశాడు. తర్వాత లోపలికి వినపడేంత గట్టిగా, "ఇంకా ఏదో తేడా ఉంది. రేపొచ్చి చూడాలి," అన్నాడు.

నేను వెనక్కి నడిచి, వంటింట్లో నిలబడి ఆ టీ నేనే తాగేశాను.

ఆ రాత్రి అతను వచ్చినప్పుడు అడగలేదు. పగటి సంగతి రాత్రి అడిగితే ఒక మనిషి దగ్గర ఇంకో మనిషి మీద చాడీ చెప్పినట్టు అనిపించింది. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం ఆ టక్కుమనే చప్పుడు కోసం చెవి ఒగ్గేదాన్ని. వినపడేది. కాసేపాగి, "ఇంకా ఏదో తేడా ఉంది," అని కూడా వినపడేది.

నిన్న ఆ మాట వినపడలేదు. సాయంత్రం టార్పాలిన్ కప్పి, పనిముట్లు సంచిలో వేసుకుని, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. ఇవాళ పొద్దున్నే వరండా ఊడుస్తూ టార్పాలిన్ ఎత్తి చూశాను. తీగ గూట్లో ఉంది. పచ్చ దీపం నిబ్బరంగా వెలుగుతోంది. స్విచ్చి వెయ్యడమే తరువాయి.

అయిపోయిందన్నమాట. మామ వస్తాడు, చూస్తాడు, ఏదో ఒకటి చెబుతాడు. ఏది చెప్పినా హంజాకోయకు ఈ ఇంట్లో ఇక పగటి పని లేదు. ఇదంతా ఆలోచించాకే చెయ్యి చాపానని చెప్పుకోవాలని ఉంది. కానీ ముందు చెయ్యి వెళ్ళింది. కొసను నొక్కిపట్టి లాగింది. దీపం ఆరిపోయింది. ఆలోచనలు ఆ తర్వాత, జరిగిపోయినదానికి కారణాలు వెతుక్కుంటూ ఒక్కొక్కటే వచ్చాయి.

చీపురు తీసుకుని మిగిలిన వరండా ఊడ్చాను.

మామ అత్తరు వాసనతో, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో వచ్చి వరండాలో పట్టెమంచం మీద కూర్చున్నాడు. వెనకే వచ్చిన హంజాకోయ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఈ ఇంట్లో పగలు అతనికంటూ ఒక కుర్చీ లేదు. నేను తలుపుకు ఇవతల నిలబడ్డాను. ఉమ్మ నడవలో తన చాప మీద ఉంది. రహ్మత్ పాలు కలపని టీ, కొబ్బరి హల్వా తెచ్చి మామ ముందు పెట్టి, వెళ్ళిపోవాల్సింది పోయి స్తంభం దగ్గర నిలబడింది.

"హంజా, రెండు మాటలు," అన్నాడు మామ. "మొదటిది. అరలోకి వెళ్ళిన వస్తువు సోమవారపు సొత్తుగా ఉండటానికి వీల్లేదు. శుక్రవారపు సొత్తు కావాలి."

"బ్యాటరీలకు కూడా వారాలుంటాయా మామా?" రహ్మత్ గొణిగినట్టే అంది గానీ అందరికీ వినపడింది.

"ఉంటాయి. నీ మొగుడు ఓడ మీద సంపాదించుకున్నది సోమవారపు సొత్తు. వాడి ఇష్టం, ఎవరికైనా ఇచ్చుకుంటాడు. నువ్వు నిలబడ్డ ఇల్లు శుక్రవారపు సొత్తు. మా అమ్మమ్మది, మా అమ్మది, మీది, రేపు మీ కూతుళ్ళది. అమ్మడానికి లేదు, పంచడానికి లేదు. పెద్దవాణ్ణయినా నాకు ఇందులో తినే హక్కే గానీ ఇచ్చే హక్కు లేదు. ఇది కూడా తెలియకుండా ఎవరి దగ్గర పెరిగావే?"

"మీ దగ్గరే మామా."

నడవలో ఉమ్మ కిసుక్కున నవ్వింది. మామ నవ్వకుండా హల్వా ముక్క నోట్లో వేసుకున్నాడు.

"చెరియా, సంగతి చెప్పు," అంది ఉమ్మ లోపల్నుంచి. "వాళ్ళిద్దరూ నిలబడే ఉన్నారు."

"చెబుతున్నాగా అక్కా. హంజా, విను. శుక్రవారపు సొత్తయ్యాక దాన్ని నువ్వు వెనక్కి తీసుకోలేవు. నీ కూతురి పేరున కూడా పెట్టలేవు. రేపు మీ ఇద్దరికీ పొసగక నువ్వు ఈ మెట్లు దిగిపోతే, ఉత్త చేతులతో దిగుతావు."

హంజాకోయ బేరమాడతాడనుకున్నాను. తన సంపాదనతో కొన్న ఏ వస్తువు గురించయినా అతను నిద్రలో కూడా నాది అంటాడు.

"శుక్రవారపు సొత్తనే అనుకోండి మామా," అన్నాడు.

అంత తేలిగ్గా వదిలేశాడు. ఆ తేలిక చూసి నాకు అర్థమైంది, అతనికి కావలసింది ఆ పెట్టె కాదని. మామకు అది అర్థం కాలేదు. బేరమాడని మనిషి మీద మామకు ఎప్పుడూ అనుమానమే. టీ గ్లాసు పక్కన పెట్టి అతన్ని ఎగాదిగా చూశాడు.

"సరే. రెండోది. మీ అక్క ఖదీజాబి నిన్న నా దగ్గరికి వచ్చింది."

హంజాకోయ గోడ మీంచి వీపు తీసేశాడు.

"మా తమ్ముడు మధ్యాహ్నం అన్నానికి రావడం మానేశాడంది. పొద్దస్తమానం పెళ్ళాం ఇంటి కప్పు మీద కాకిలా కూర్చుంటున్నాడంది. జెట్టీ దగ్గర నవ్వుకుంటున్నారంది. అన్నం సంగతి నాకెందుకు. కానీ ఇంకో మాట కూడా అంది. మొదటి బ్యాటరీ పోయింది, రెండోది వెలగడం లేదు, ఆ ఇంటికి అది పడదు, విప్పి మా ఇంటికి పంపమంది. ఆమె తమ్ముడు, ఆమె అడుగుతుంది. నేనేం చెప్పను?"

"వెలగదని ఎవరన్నారు?"

"వెలిగిందని ఎవరన్నారు?"

హంజాకోయ టార్పాలిన్ వైపు చూశాడు.

"సాయంత్రం అసర్ బాంగు లోపల వెలిగించి చూపించు. వెలిగితే అరలోకి పోతుంది. వెలగకపోతే రేపు పొద్దున్నే కప్పు మీదవీ కిందవీ అన్నీ విప్పుకుని మీ అక్క ఇంటికి పట్టుకుపో. ఆమెతో మాట పడే ఓపిక నాకు లేదు."

"అసర్ దాకా ఎందుకు? ఇప్పుడే చూడండి," అన్నాడు హంజాకోయ. అతని గొంతులో మనసు గట్టిచేసుకున్న మనిషి నెమ్మది ఉంది. నిన్న తీగ లాగకుండా వెళ్ళిపోయినప్పటి నెమ్మదే అది.

టార్పాలిన్ తీసేశాడు. పవర్‌హౌస్ కరెంటు లేని వేళ అది. స్విచ్చి నొక్కాడు.

ఫ్యాన్ కదల్లేదు.

వంగి చూశాడు. వేలాడుతున్న సన్న తీగ కొసను వేళ్ళ మధ్యకు తీసుకున్నాడు. అది తనంతట తాను ఊడే రకం కాదు, నొక్కిపట్టి లాగితేనే వస్తుంది. ఆ సంగతి అతనికంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. తలెత్తి నేరుగా తలుపు వైపు, నా వైపు చూశాడు.

చీకట్లో మనిషి చాలా దాచుకోవచ్చు. ఆ వెలుతురులో అతని ముఖం మీద జరిగినవన్నీ నాకు వరసగా కనిపించాయి. ముందు ఆశ్చర్యం. తర్వాత, తన దొంగతనం నేను చూశానని తెలిసిన సిగ్గు. ఆ వెంటనే ఏదో వెలిగినట్టయింది, పెదవులు కదిలాయి. అది నిలవలేదు. అతను ఇంకోలా అర్థం చేసుకుంటున్నాడు. నేను లాగింది తనను ఉంచుకోవడానికి కాదు, పంపించెయ్యడానికి అనుకుంటున్నాడు. ఇన్నాళ్ళూ పగలు అతను చూసిన నేను, ఈ ముత్తుబి, ఎవరు? తలమీద గుడ్డ సర్దుకుంటూ, గొంతు తగ్గించి, ముభావంగా తిరిగే ఆడది. నిచ్చెన చప్పుడుకు చెవి ఒగ్గే ఆడదాన్ని తలుపు వెనక దాచింది నేనే కదా.

తీగ వదిలేశాడు.

"ఇది ఈ ఇంటికి కుదరదేమో మామా," అన్నాడు. "అక్క అన్నదే నిజం. రేపు విప్పేస్తాను."

"ఇప్పుడే కదయ్యా, చూడండి అన్నావు?"

"వెలుగుతుందనుకున్నాను."

నేను ఊరుకుంటే చాలు. నా ఇల్లు నాకు వచ్చేస్తుంది. రేపటి నుంచి పగళ్ళన్నీ మునుపటిలా, పెద్ద గొంతుతో, విరబోసుకున్న జుట్టుతో. ఆ ఆలోచన ఎంత హాయిగా ఉందంటే నాకు భయమేసింది. ఆ హాయిలోనే ఖదీజాబి ఇంటి కప్పు కనిపించింది. దాని మీద స్క్రూలు పెదాల మధ్య పెట్టుకుని, తీగలతో మాట్లాడుతున్న మనిషి. కింద ఆ మాటలు వింటూ నేను తప్ప అందరూ.

గడప దాటి వరండాలోకి వచ్చి బ్యాటరీ ముందు కూర్చున్నాను.

"ముత్తుబీ, దాన్ని ముట్టుకోకు. షాక్ కొడుతుంది," అన్నాడు మామ.

"కొట్టదు మామా. పొద్దున ముట్టుకున్నాను."

"ఎందుకు ముట్టుకున్నావు?"

"ఈ తీగ లాగింది నేనే."

మామ గ్లాసు ఎత్తి తాగబోయి, అది ఖాళీదని చూసి, మళ్ళీ కింద పెట్టాడు. "లాగావా? ఎందుకు లాగావు?"

అబద్ధం చెప్పడానికి సమయం ఉంది. పురుగు కనిపించిందనొచ్చు, ఊడుస్తుంటే తగిలిందనొచ్చు. నేను మామ వైపు చూడలేదు, వెనక నిలబడ్డ మనిషి వైపూ చూడలేదు. బ్యాటరీ వైపు చూస్తూ చెప్పాను.

"వెలిగితే ఇతను పగలు రాడు."

రహ్మత్ ఏదో అంటుందని ఎదురుచూశాను. తను ఇంకా ముక్కలున్న హల్వా పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నా వెనక హంజాకోయ ఊపిరి వినిపిస్తోంది. చీకట్లో నాకు కంఠతా వచ్చిన ఊపిరే. పగలు వినడం అదే మొదటిసారి.

మామ గొంతు సవరించుకున్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"కూతురు కాలేజీకి వెళుతోంది," అన్నాడు చివరికి, కొబ్బరిచెట్లతో చెప్పినట్టు. తర్వాత, "ముందు వెలిగించండి. మిగతాది తర్వాత మాట్లాడదాం," అన్నాడు.

తీగ కొసను గూట్లోకి నొక్కాను. టక్కుమంది. హంజాకోయ నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. అతని మోచెయ్యి నా మోచేతికి తగిలింది, తీసుకోలేదు. స్విచ్చి నొక్కాడు.

ఫ్యాన్ కదల్లేదు. పచ్చ దీపం రాలేదు.

తీగ తీసి మళ్ళీ పెట్టాడు. స్విచ్చి ఆపి మళ్ళీ వేశాడు. అలాగే ఉంది.

"ఇంకేమైనా తీశావా?" అన్నాడు నాకు మాత్రమే వినపడేలా.

"లేదు. ఒట్టు. నువ్వు?"

"నేనూ తియ్యలేదు. నిన్న వెలిగింది."

"పొద్దున కూడా వెలిగింది. నేను చూశాను."

"అక్కడ మీరిద్దరూ ఏం గుసగుసలాడుతున్నారు?" అన్నాడు మామ.

హంజాకోయ బ్యాటరీ పక్కనున్న చిన్న ఫ్యూజు డబ్బా మూత పైకెత్తాడు. లోపల రెండు రాగి పట్టీలున్నాయి. వాటి మధ్య ఏమీ లేదు. అతని వేలు ఆ ఖాళీలో కాసేపు ఆగింది.

"ఇందులో ఒకటి ఉండాలి మామా," అన్నాడు. "అది లేకపోతే బ్యాటరీలోంచి ఏదీ బయటికి రాదు. ఎవరో తీశారు."

"ఏమిటది?"

హంజాకోయ అలాంటిదాన్ని ఎప్పుడూ చూడనివాళ్ళకు ఎలా చెప్పాలా అని మాట వెతుక్కుంటున్నాడు.

"తెల్లగా ఉంటుంది, చిటికెన వేలి కణుపంత," అంది ఉమ్మ నడవలోంచి. "రెండు కొసలూ వెండిలా మెరుస్తాయి. అదేనా అల్లుడూ?"

ముగ్గురం ఒకేసారి తల తిప్పాం. మోకాళ్ళు పట్టేసినప్పటి నుంచి ఉమ్మ ఇంకొకరి చెయ్యి పట్టుకోకుండా వరండా దాకా వచ్చింది లేదు. ఇవాళ ఎవరమూ చెయ్యి ఇవ్వలేదు. అయినా నేను ఊడ్చి వెళ్ళాక ఎప్పుడో వచ్చి వెళ్ళింది, వెలిగితే అల్లుడు పగలు రాడన్న లెక్క ఆమె కూడా వేసుకుందన్నమాట.

"ఉమ్మా," అన్నాను. "అదెక్కడుంది?"

లేచి నడవలోకి వెళ్ళాను. చాప మీద మనిషి లేదు. ఆ కొసన లోపలి అర తలుపు మెల్లగా మూసుకుంటోంది. నేను అక్కడికి చేరేలోపే లోపలి నుంచి గడియ పడింది.